దూరపు పరుగు



ఎడ్లబండికి పగలెల్ల పట్టు త్రోవను రెండు గంటలపై కొద్ది నిమిషములలో పరుగెత్తి ముగించువారు లోకమున గలరు. ఆ పందెమునకు మారథాన్ అని పేరు. దూరము 26 మైళ్ల 385 గజములు. అట్టి పరుగునే వృత్తిగా గైకొని, పడి, మరల లేచిన యొక పురుషుని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆతని పేరు మెబ్రాతోమ్ కెఫ్లెజిగీ. జనులు మెబ్ అందురు. 1975వ సంవత్సరమున తూర్పు ఆఫ్రికాలోని ఎరిట్రియాలో జన్మించెను. వెలుగు కలుగుగాక యని ఆ పేరునకు వారి భాషలో అర్థము. కాని యప్పు డచట వెలుగు లేదు. స్వాతంత్ర్యమునకై ఘోరయుద్ధము సాగుచుండెను. తండ్రి ప్రాణములు దక్కించుకొనుటకై కాలినడకను సూడాను చేరి, పిమ్మట ఇటలీకి బోయి, ఆలుబిడ్డలను రప్పించుకొనెను. 1987లో ఆ కుటుంబము అమెరికాలోని శాండియాగో నగరమున కాపురముండెను. బిడ్డలకు ఇంగ్లీషు రాదు. తండ్రి వారిని తెల్లవారకమున్నే లేపి, నిఘంటువు ముందుంచి పదములు నేర్పెడివాడు. అమరము వల్లించిన మనవారి కీ పద్ధతి క్రొత్తది కాదు.

ఏడవ తరగతిలో వ్యాయామోపాధ్యాయుడు పిల్లలచే మైలు పరుగెత్తించెను. మెబ్ దానిని 5 నిమిషముల 20 సెకనులలో ముగించెను. ఆ గురువు బాలుని శక్తిని కనిపెట్టి ఉన్నత పాఠశాలవారికి తెలియజేసెను. ఉపాధ్యాయుని చూపు ఎంత పని చేయునో చూడుడు! తరువాత లాస్ ఏంజిలిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బాబ్ లార్సన్ అను శిక్షకునియొద్ద అభ్యసించి, 1997లో కళాశాలల జాతీయ పోటీలలో నాలుగు ప్రథమస్థానములు గడించెను. 1998లో అమెరికా పౌరుడాయెను. 2004 ఏథెన్సు ఒలింపిక్ మారథానులో ద్వితీయుడై రజతపతకము పొందెను. 1976 తరువాత ఆ పందెమున అమెరికా పురుషు డెవ్వడును పతకము నందియుండలేదు.

అటుపిమ్మట కష్టకాలము వచ్చెను. 2007 నవంబరులో, తదుపరి ఒలింపిక్ క్రీడలకు ఎంపిక చేయు పందెమున, తుంటియెముక చిట్లి 8వ వాడాయెను. ఆ పందెముననే అతని మిత్రుడు రయన్ షే పరుగు నడుమ కూలి మరణించెను. దేహమునకు గాయము, మనస్సునకు శోకము! కొన్నాళ్లు అడుగు వేయుటయే దుర్భరమయ్యెను. ఇతని పరుగు ముగిసినదని పలువురు తలచిరి. ఆతడు మాత్రము నడక నుండి మరల నారంభించి, 2009లో న్యూయార్కు మారథాను గెలిచెను.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ గమ్యస్థలమున బాంబులు ప్రేలి ముగ్గురు మరణించిరి, వందలమంది గాయపడిరి. మరుసటి యేట మెబ్ మృతుల పేర్లను తన ఱొమ్ముచీటిపై వ్రాసికొని అదే బాటను పరుగెత్తెను. అప్పటికి 39 ఏండ్లు నిండుటకు రెండు వారములు తక్కువ. 2 గంటల 8 నిమిషముల 37 సెకనులలో గమ్యము చేరి, 11 సెకనుల తేడాతో గెలిచెను. 1983 తరువాత అచట గెలిచిన మొదటి అమెరికా పురుషు డతడే. అతని జీవితమున అంత శీఘ్రముగా నే మారథానును ముగించియుండలేదు.

2016 రియో ఒలింపిక్ క్రీడలలో, 41వ యేట, 33వ వాడై వచ్చి గమ్యరేఖయొద్ద జారిపడెను. సిగ్గుపడెనా? లేదు, పడినచోటనే నవ్వుచు దండీలు తీసి లేచెను. 2017లో న్యూయార్కున తన 26వ మారథాను ముగించి విరమించెను.

పెద్దలారా, ఏథెన్సు పతకముకంటె, బోస్టన్ విజయముకంటె, ఈ లేచుటయే నాకు గొప్పగా తోచుచున్నది. తెల్లవారకమున్నే లేపిన తండ్రి నేర్పిన పాఠమిదియే. మన యింటి పిల్లవాడు పరీక్షలోనో పందెములోనో ఓడి వచ్చినపుడు, ఎన్నవవాడ వైతివని యడుగకుడు. రేపు మరల పోయెదవా యని యడుగుడు. పోయెద ననెనా, వాని పరుగు ముగియలేదు.