శస్త్రచికిత్సకు ముందు శ్రావ్యనాదము
(ఉపన్యాస పాఠము)



తాడేపల్లిగూడెము ప్రాంతమున కంటిశుక్లము తీయించుకొనుటకు ఏలూరికో విజయవాడకో పోవు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. ఆ శస్త్రచికిత్స కొద్ది నిమిషములలో ముగియును. సాధారణముగా కంటికి మాత్రమే మందు వేసి మొద్దుబారజేయుదురు గనుక రోగి మేలుకొనియే యుండును. నొప్పి తెలియకున్నను పనిముట్ల చప్పుడు, వైద్యుని మాట వినబడుచునే యుండును. అంతకంటె దుర్భరమైనది దానికి ముందటి నిరీక్షణము. కళ్లజోడు తీసివైచిన ముదుసలికి ఎదుటివారి ముఖము ఆనదు. అట్టివేళ చెవియే దిక్కు.

భయపడినవారి గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు హెచ్చును. అది మిక్కిలి హెచ్చినచో వైద్యులు శస్త్రచికిత్సను వాయిదా వేయుటయు కలదు. భయము తగ్గించు మందులు లేకపోలేదు. కాని వృద్ధులకు అవి మగతను, తికమకను కలిగింపవచ్చును. లేచినప్పుడు తూలిపడు ప్రమాదమును కలదు. ఇందువలననే వైద్యులు సంగీతము వంక చూచిరి.

ఈ యోచన పాతదే. అమెరికాలో ఈవన్ కేన్ అను శస్త్రవైద్యుడు శస్త్రచికిత్సాగృహమున గ్రామఫోను వాడుకను గూర్చి 1914లోనే వైద్యపత్రికలో వ్రాసెను. 2013లో కొక్రేన్ సంస్థవారు 2,051 మంది పాల్గొనిన 26 పరిశోధనలను సమీక్షించి, ముందుగా సంగీతము వినుటవలన ఆందోళన తగ్గవచ్చునని తేల్చిరి. 2019లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో 157 మంది రోగులలో కొందరికి మిడజోలామ్ అను మందు నిచ్చి, తక్కినవారికి సంగీతము వినిపించిరి. ఉభయులకును ఆందోళన ఇంచుమించు సమానముగనే తగ్గెను. అయితే మందు పుచ్చుకొన్నవారే హెచ్చు తృప్తి చెందిరి. సంగీతము వినుచున్నవారితో మాటలాడుట కష్టమయ్యెను. కనుక మందు మానివేయుట రోగి నిర్ణయింపదగినది కాదు. వైద్యుని అనుమతితోనే సంగీతమును వాడవలెను.

ఏ సంగీతము? ఇచట స్థానికమైన వివేకము కావలెను. ఘంటసాల వెంకటేశ్వరరావు గారి (1922–1974) కంఠమున భగవద్గీత ఎంత మహనీయమైనదైనను, పల్లెలలో దానిని మృతుని యింటను, శవయాత్రలోను వినిపించుట పరిపాటియైనది. శస్త్రచికిత్సకు వేచియున్న తాతగారి చెవిని అది సోకినచో ఓదార్పు కలుగునా, గుండె జారునా? ఒకరికి త్యాగరాజకీర్తన హితవు, మరియొకరికి క్రైస్తవకీర్తన, వేరొకరికి పాత సినిమాపాట. కొల్లేటి లంకలలో పెరిగినవారికి నీటి సవ్వడియు పక్షుల కూతలుమే చాలవచ్చును. కావున "ఏది వినెదరు?" అని పెద్దలనే అడుగవలెను.

పాట మెల్లనిదై, ఒక్కసారిగా హోరెత్తనిదై యుండవలెను. వినికిడి మందగించినదని ధ్వనిని మితిమీరి హెచ్చింపరాదు. నర్సు పిలుపు వినబడవలెను. వినికిడియంత్రము వాడువారు దానిని ఎంతవరకు ఉంచుకొనవచ్చునో ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

శ్రావ్యనాదముతోబాటు అనవసరపు సద్దు లేకుండుటయు ముఖ్యము. రోగికి వినబడీ వినబడని గుసగుసలు ఎంత బాధాకరములో ఫ్లారెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దముననే హెచ్చరించెను. మంచముప్రక్క బంధువులు గుసగుసలాడినచో, తన్ను గూర్చి ఏదియో దాచుచున్నారని రోగి తలచును. ఎవరి కన్నో పోయినదను కథలు అచట చెప్పనేరాదు.

చదువురానివారికి చదివి వినిపించుట గ్రంథాలయోద్యమమునకు తొలినుండియు అలవాటే. పెద్దలు ఆసుపత్రికి బయలుదేరుటకు ముందు, చదువుకొన్న యువకుడొకడు వారికి నచ్చిన అరగంట పాటలను ఫోనులో కూర్చి యిచ్చుటయు ఆ సేవలోనిదే. ఫోను లేనిచోట పరిచితమైన కంఠముతో నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పినను మేలే. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఆ పనికి పూనుకొన్నచో, మందులసంచితోబాటు పెద్దల పాటయు వారి వెంట పోగలదు.