నొప్పి పోతే రాయి పోయినట్టేనా?



కిడ్నీలో రాయి అనగానే మన ఇళ్ళలో బార్లీ నీళ్ళు, అరటిదూట రసం, కొండపిండాకు కూర మొదలవుతాయి. కొండనే పిండిచేసే ఆకుకి రాయి ఒక లెక్కా అంటారు పెద్దలు. నిజానికి నాలుగైదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలామందికి తనంతట తానే పడిపోతుంది. పేరు ఆకుకి దక్కుతుంది! సెంటీమీటరు దాటిన రాయి విషయంలో మాత్రం ఆ ఆశ పెట్టుకోకూడదు.

ఒకప్పుడు పెద్ద రాయి తీయాలంటే పక్కటెముకల కింద జానెడు కోత తప్పేది కాదు. 1976లో స్వీడన్ వైద్యులు వీపున చిన్న రంధ్రం చేసి రాయి తీశారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో బయటినుంచే తరంగాలతో పగలగొట్టారు. 1990ల నుంచి హోల్మియం లేజరు వాడుకలోకి వచ్చింది. మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారినే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మూత్రపిండం దాకా పంపుతారు. అందులోని సన్నని గాజు తీగ గుండా వచ్చే కాంతి రాయిని ఇసుకలా పొడిచేస్తుంది. ఒంటిమీద కోత ఉండదు.

రాయి రెండు సెంటీమీటర్లు దాటితే సాధారణంగా వీపు రంధ్రం పద్ధతే ముందు చెబుతారు. అందులోనూ లేజరు వాడవచ్చు. కింది దారినే చేస్తే ఒకటికి రెండు విడతలు పట్టవచ్చు. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

ముఖ్యమైన మాట ఇది. రాయి దారికడ్డంగా కదలక కూర్చుంటే కొన్నాళ్ళకి నొప్పి తగ్గిపోవచ్చు. "హమ్మయ్య, పోయింది" అనుకుంటాం. లోపల మూత్రపిండం ఉబ్బి, చడీచప్పుడు లేకుండా పాడవుతూ ఉంటుంది. అందుకే నొప్పి పోయినా స్కానింగు మానకూడదు. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

చికిత్స అయ్యాక మూత్రం సాఫీగా దిగడానికి తరచు లోపల స్టెంటు అనే మెత్తని గొట్టం పెడతారు. డాక్టరు చెప్పిన గడువుకి దాన్ని తీయించుకోవాలి. పెళ్ళి అనీ, పిల్లల పరీక్షలనీ నెలల తరబడి వాయిదా వేస్తే దానిమీదే కొత్త రాళ్ళు పేరుకుంటాయి. పాల లెక్క రాసుకునే కేలండరు మీదే ఆ తేదీ కూడా రాసిపెట్టుకోండి.

ఎర్రగడ్డలో ఉండే మాకు పంజాగుట్ట నిమ్స్ మెట్రోలో నాలుగో స్టేషను. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో రాళ్ళ చికిత్సలు కూడా చేరాయి. కార్డున్నవారు విచారించండి.

రాయి ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావచ్చు. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటన్ని నీళ్ళు తాగాలి. ఉప్పు, ఊరగాయలు తగ్గించాలి. సున్నం చేరుతుందని పాలు, పెరుగు మానేయనక్కరలేదు. భోజనంలోని కాల్షియం రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేటును పేగులోనే పట్టి ఉంచుతుంది. గోంగూర, పాలకూర ఎంత తినవచ్చో మాత్రం డాక్టరుని అడగండి.

బజారుకి వెళితే దారిలో వసతి ఉండదని నీళ్ళు మానేయడం మనలో చాలామందికి అలవాటు. ఇంటికి రాగానే అయినా, వంటింట్లోకి వెళ్ళేముందు రెండు గ్లాసులు తాగండి.

సెలవు.