గాలికుంటు వ్యాధి: గుర్తింపు, నివారణ

పాడిపంటలు అని జంటగా పలుకుట మన వాడుక. పాడినీ, పంటకు సాయపడు కాడెద్దులనూ ఒక్కమారే కుదేలు చేయు అంటువ్యాధి గాలికుంటు. ఇది సోకిన పెద్ద పశువులు చచ్చుట అరుదు. అందుచేతనే దీనిని తేలికగా తీసికొనువారు పెక్కుమంది. పశువు బ్రతుకును, కాని పాలు పోవును, సత్తువ పోవును, ఒక్కొక్కప్పుడు చూలు కూడ నిలువదు. పాలమ్మి అప్పు తీర్చుకొను కుటుంబము ఆ యేడు తేరుకొనుట కష్టము. ఈ వ్యాధిని ఎట్లు గుర్తించవలెనో, ఎట్లు అరికట్టవలెనో మనవి చేయదలచినాము.

దీనికి మూలము కంటికి కానరాని వైరస్. 1897లో జర్మనీ దేశమున లెఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రజ్ఞులు, బాక్టీరియాను ఆపగల సన్నని వడపోత గుండా దిగిన ద్రవము సైతము ఈ రోగమును కలిగించుచున్నదని నిరూపించిరి. పశువ్యాధులలో వైరస్ వలన వచ్చునని తేలిన మొట్టమొదటిది ఇదియే. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక, పంది మొదలగు చీలిన గిట్టలు గల జంతువులకు ఇది సోకును. ఒంటిగిట్ట గల గుఱ్ఱమునకు సోకదు. అమెరికా ఖండములలో వెసిక్యులర్ స్టొమటైటిస్ అను వేరొక వైరస్ వ్యాధి కలదు. అది పశువులకే గాక గుఱ్ఱములకును వచ్చును. ఆవు నోటిలో ఈ రెండు వ్యాధుల బొబ్బలును ఒకే తీరున నుండును. ప్రయోగశాలలో పరీక్షించిన గాని భేదము తెలియదు. మన ఊళ్లలో మాత్రము, పశువు నోట బొబ్బ కనిపించినచో గాలికుంటుగానే ఎంచి జాగ్రత్తపడుట క్షేమము.

వైరస్ ప్రవేశించిన 2 మొదలు 14 దినములలో లక్షణములు బయటపడును. జ్వరము 104 నుండి 106 డిగ్రీల ఫారన్‌హీటు వరకు వచ్చును. పశువు మేత విడుచును, నెమరు మానును. పాలు ఉన్నట్టుండి తగ్గును. నోటి నుండి చొంగ తీగలుగా సాగుచు కారును. నాలుకపైన, చిగుళ్లపైన, గిట్టల నడుమ, చనులపైన బొబ్బలు లేచి, చితికి పుండ్లగును. పశువు కుంటును. సంకరజాతి ఆవులలో బాధ తీవ్రముగా నుండును. గొఱ్ఱెలు, మేకలలో లక్షణములు స్వల్పమగుటచే పలుమారు మన కంటబడవు. లేత దూడలలో వైరస్ గుండె కండరమును పట్టును. బొబ్బ లేవకయే దూడ హఠాత్తుగా మరణింపవచ్చును.

చొంగ, పాలు, పేడ, మూత్రము, ఊపిరి, అన్నియు రోగమును మోయును. చెప్పులు, పాలబిందెలు, మేత, బండ్లు కూడ దానిని ఊరూరికి చేర్చును. బొబ్బలు లేవకముందే పశువు వైరస్‌ను వెదజల్లుట ఆరంభించును. కనుక కీలకమైన విషయము కాలము: ఒక్క దినము ఉపేక్షించిన, పక్క కొట్టము కూడ అంటుకొనును.

ఇక్కడ ఒక మాట నిష్ఠురమైనను చెప్పక తప్పదు. కొందరు జ్వరము తగిలిన పశువును, రోగము బయటపడకముందే సంతకు తోలి అమ్మివేయుదురు. వారి భయము మాకు తెలియనిది కాదు. కాని ఆ ఒక్క పశువు పది ఊళ్లకు రోగమును పంచును. అదే సంతదారిని అది అమ్మినవాని ఊరికిని తిరిగి రావచ్చును. 2009నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ఇట్టి రోగమును తెలియజేయుట యజమాని విధి అని చెప్పుచున్నది. రోగపు పశువును సంతకు తెచ్చుటను నిషేధించుచున్నది.

అనుమానము కలిగిన దినముననే పశువును వేరుగా కట్టివేసి, పశువైద్యునకు కబురు పంపవలెను. దానిని ఒక్కరే చూచుకొనవలెను. ఆ మనిషి మంచి పశువుల వద్దకు పోరాదు. కుడితి తొట్టి, పలుపు వేరుగా నుంచవలెను. లీటరు నీటికి 40 గ్రాముల చాకలిసోడా కలిపి కొట్టమును కడుగవలెను. వైరస్‌ను చంపి రోగమును మాన్పు మందు లేదు. పుండ్లు చీము పట్టకుండ కాపాడుటయే వైద్యము. పటిక నీటితో నోటిని కడిగి, బోరో గ్లిసరిన్ పూయవలెను. గిట్టలను పొటాషియం పర్మాంగనేటు నీటితో కడిగి, ఈగలు వాలకుండ చూడవలెను. గంజి, లేత పచ్చగడ్డి పెట్టవలెను. దూడను తల్లి వద్ద కుడువనీయరాదు. పాలు బాగుగ కాచి పట్టవలెను.

అన్నిటికన్న మిన్న టీకా. ఈ వైరస్‌లో రకములు పెక్కు. మన దేశపు టీకాలో ఓ, ఏ, ఆసియా-1 అను మూడు రకములకు రక్షణ కలదు. ఒక రకమునుండి తేరుకొన్న పశువునకు మరియొక రకము సోకవచ్చును. టీకా బలము కూడ కొద్ది నెలలకే సన్నగిల్లును. కనుక 4 నెలల వయసున మొదటి టీకా, నెల గడచిన పిదప రెండవది, ఆపైన ప్రతి 6 నెలలకు ఒకటి వేయించవలెను. దేశమంతట ఇట్లు టీకాలు వేయుటకే 2019లో కేంద్ర ప్రభుత్వము జాతీయ కార్యక్రమము నారంభించినది. టీకా వేసినచో పాలు తగ్గునని వెనుదీయువారు కలరు. ఒకటి రెండు దినములు కొంత తగ్గవచ్చును. రోగము వచ్చిన పోవు పాలతో పోల్చిన అది యెంత?

ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లను గొడ్డులేనివిగా చేసిన పెద్దరోగము భూమిపై రూపుమాసినదని 2011లో ప్రకటింపబడినది. దానికి ఒక్క టీకా బ్రతుకంతయు కాపు కాచెడిది. గాలికుంటునకు అట్టి సౌలభ్యము లేదు. ఏటికి రెండుమారులు ఊరంతయు కదలవలెను. పదిమంది వేయించి నలుగురు మానినచో, రోగము ఆ నలుగురి కొట్టములలో తలదాచుకొని, అదను చూచి తక్కినవాటిపై బడును. టీకాలవారు వచ్చిన నాడు మీ పశువులను ఇంటివద్దనే నిలిపి యుంచుడు, పొరుగువారికిని చెప్పుడు. పొరుగువాని దూడను కాపాడుట మన దూడను కాపాడుకొనుటయే.