ఆఫ్రికా చిత్రాలలో ఇల్లూ సంసారమూ
(నిమ్‌పురాలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్ అనగానే లోకానికి వర్క్‌షాపు, వెయ్యి మీటర్లకు మించిన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చి ఇక్కడ సంసారాలు నిలుపుకున్న తెలుగువారి ఇల్లు ఎవరికీ గుర్తుకు రాదు. సుత్తి పట్టిన చేతిని లోకం చూస్తుంది. ఆ చేయి అన్నం కలిపి బిడ్డ నోటికి ముద్ద అందించడం చూడదు.

ఆఫ్రికాకు జరిగినదీ ఇదే, ఇంతకన్న దారుణంగా. వలసపాలకుల చిత్రాలలో ఆఫ్రికావాసి బరువులు మోసేవాడు, బానిస. తరువాతి వార్తాచిత్రాలలో కరవు బాధితుడు. తనవారి మధ్య తీరికగా కూర్చున్న గృహస్థుగా అతడు కనిపించడం అరుదు. ఆ లోటు తీర్చినవారు ఆఫ్రికా సంతతి చిత్రకారులే.

2022లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, ఒకప్పటి ధాన్యపు గిడ్డంగిలో నెలకొన్న జైట్జ్ మ్యూజియంలో, ‘వెన్ వుయ్ సీ అస్’ అనే ప్రదర్శన ప్రారంభమైంది. నల్లజాతివారు తమను తాము చూచుకొని ఒక శతాబ్దంపాటు గీసిన చిత్రాలవి. కామెరూన్‌లో జన్మించి, 2025లో మరణించిన కొయో కువో, తన సహచరి తందజానీ ధ్లకామాతో కలిసి దీనిని కూర్చారు. నిత్యజీవితం, ఉల్లాసం, విశ్రాంతి వంటి శీర్షికల కింద చిత్రాలను అమర్చారు. విశ్రాంతికి ఒక ప్రత్యేక విభాగం! రాత్రి డ్యూటీ చేసివచ్చిన తండ్రిని ఎరిగిన మీకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

నైజీరియాలోని ఎనుగు పట్టణంలో 1983లో జన్మించిన ఎన్జిడెకా అకున్యిలి క్రోస్బీ చిత్రాలు మనం ప్రత్యేకంగా చూడదగినవి. చిన్న వయస్సులోనే ఆమె అమెరికా వెళ్ళారు. కుటుంబ ఛాయాచిత్రాలను, నైజీరియా పత్రికలలోని బొమ్మలను ద్రావకంతో కాగితం మీదికి దించి, వాటిపై రంగులు వేస్తారు. దూరం నుండి చూస్తే అది గోడ, నేల, మనిషి చర్మం. దగ్గరకు వెళితే ఎందరి ముఖాలో! 2013 నాటి ఒక చిత్రంలో తేనీటి సామగ్రి పరచిన బల్ల ఉన్నది. దాని పేరులోని న్యూ హేవెన్ ఎనుగులోని ఒక పేట. ఆమె చదివిన అమెరికా పట్టణం కూడా అదే పేరుది. వలస వెళ్ళినవారికి రెండు ఊళ్ళు ఒకే బల్లపై ఎలా కలుస్తాయో మనకు వింత కాదు.

సుఖంగా ఉన్న కుటుంబాన్ని గీయడం కష్టాలను కప్పిపుచ్చడమేనని కొందరి ఆక్షేపణ. నాకది సమంజసంగా తోచదు. మనిషికి ఇల్లున్నదని చెప్పడం కష్టం లేదని చెప్పడం కాదు.

మన తెలుగులో తోట వైకుంఠం పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ పల్లె స్త్రీలను చిత్రించి ఖ్యాతి గడించారు. వారి చీరలన్నీ పండుగ నాటివేనేమో అనిపిస్తుంది. మాసిన కొంగు కూడా చూడాలని నా ఆశ.

ఇక మీకు గురువులు దగ్గరలోనే ఉన్నారు. ఈ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే పింగ్లా ప్రాంతపు నయా గ్రామంలో పటువాలు పసుపు, ఆకులు, పూల రంగులలో మారేడు బంక కలిపి పొడవైన పటాలు గీస్తారు; పాడుతూ విప్పి చూపుతారు. వీరిలో అత్యధికులు ముస్లింలు. హిందూ పురాణ గాథలనూ పాడతారు, నేటి సంఘటనలనూ గీస్తారు. ఒక రైల్వే క్వార్టర్లోని తెలుగు సంసారం అటువంటి పటంపైకి ఎక్కవచ్చు. ముందుగా మీ నాయనమ్మల పెట్టెలలోని ఫోటోల వెనుక, అందులో ఉన్నవారి పేర్లు అడిగి రాయండి. చెప్పగలవారు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.