పుకారు, పోలీసు, 144

2018 వేసవి. అంత ఎండల్లోనూ గద్వాల పల్లెల్లో ఆరుబయట మంచాలు పడలేదు. పొద్దుగూకగానే తలుపులు బిడాయించుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి మరి! అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు; డప్పు కొట్టించి, పాట కట్టించి, ఇదంతా ఉత్తదేనని చెప్పించారు. అదే వేసవిలో, పాత నల్గొండ జిల్లా బీబీనగర్ మండలంలో మాత్రం మూక ఒక మనిషిని కొట్టి చంపేసింది.

"రేపట్నుంచి ఎమర్జెన్సీ అట" అన్నది ఇంకో రకం పుకారు. నిజానికి ఎమర్జెన్సీ పెట్టడం అంత తేలికేం కాదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత దేశంలో అలజడి ఉందంటే చాలదు. యుద్ధమో, విదేశీ దాడో, సాయుధ తిరుగుబాటో కారణం కావాలి. కేంద్ర మంత్రివర్గం రాసివ్వాలి, నెలలోగా పార్లమెంటు ఒప్పుకోవాలి. ఊళ్లో గొడవైతే మామూలుగా వచ్చేది జనం గుమిగూడొద్దనే 144 సెక్షన్. 2024 జులై నుంచి కొత్త చట్టంలో దాని నంబరు 163. మెజిస్ట్రేటు ఇచ్చే ఆ ఉత్తర్వు గడువు రెండు నెలలే. పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వమే పూనుకోవాలి. ఇంటర్నెట్ ఆపితే ఆ ఉత్తర్వును బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. కాబట్టి ఎవరైనా ఇలాంటి కబురు పంపితే, ఉత్తర్వు కాగితం ఏదని అడగొచ్చు.