చలికాలంలో పెట్ట ముడుచుకుని కూర్చుంటే



మన ఇళ్లల్లో కోడి అంటే ఒట్టి కోడి కాదు. పిల్లకు నోటు పుస్తకం కావాలంటే నాలుగు గుడ్లు అమ్ముతాం. చుట్టం వస్తే పుంజును కోస్తాం. కోడి డబ్బు ఎవరినీ అడగనక్కర లేని డబ్బు. అందుకే పెట్టకు నలతగా ఉంటే ముందు ఆడవాళ్ల గుండే గుబేలుమంటుంది.

ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. వాళ్ల గూట్లో ఆరు కోళ్లున్నాయి.

పుష్యమాసం. పొద్దున్నే మంచు కురుస్తోంది. ఎర్ర పెట్ట ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని ఒక మూల కూర్చుంది. పది రోజులుగా గుడ్డు పెట్టడం లేదు.

అత్త చూసింది. "దీనికి కొక్కెర తెగులు తగిలినట్టుందే. రేపు సంత. చచ్చేలోగా సగం ధరకైనా అమ్మేద్దాం" అంది.

అత్త భయం ఊరికే పుట్టింది కాదు. రెండేళ్ల కిందట సంతలో ఒక పెట్టను చవగ్గా కొని గూట్లో కలిపింది. వారం తిరిగేసరికి పదకొండు కోళ్లు పోయాయి.

కోడలు మెల్లగా అంది: "అత్తా, ఆ పెట్టను మనకు అమ్మినామె కూడా ఇట్లాగే అనుకుని ఉంటుంది కదా!"

అత్త ఏమీ మాట్లాడలేదు.

"ఇవాళ ఒక్క రోజు చూద్దాం అత్తా. ఏం జబ్బో తెలియకుండా అమ్మొద్దు. మందూ వెయ్యొద్దు."

కోడలు ముందు పెట్టను విడిగా గంప కింద ఉంచింది. నీళ్లు, నూకలు వేరే చిప్పల్లో పెట్టింది. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుంది. జబ్బు ఏదైనా సరే, మొదటి పని ఇదే. ఆ తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది.

మొదట పొద్దు చూసింది. చలికి ఏ కోడైనా ఈకలు ఉబ్బిస్తుంది. ఈకల మధ్య వెచ్చటి గాలి నిలుస్తుంది. అది కోడి కప్పుకునే దుప్పటి. ఎండ ఎక్కాక కూడా అట్లాగే కళ్లు మూసుకుని కూర్చుంటే అప్పుడు అనుమానపడాలి. ఎర్ర పెట్ట ఎండలోకి వచ్చింది. నూకలు తింది. కానీ హుషారు లేదు.

పొదుగుకు వచ్చిందేమో? పొదుగుకు వచ్చిన పెట్ట కూడా ఉబ్బి కూర్చుంటుంది, మేత తగ్గిస్తుంది. కానీ అది గంపలో నుంచి కదలదు. చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. ఎర్ర పెట్ట పొడవలేదు.

తర్వాత రెట్ట చూసింది. మంచి రెట్ట గోధుమ రంగులో, పైన తెల్లగా, కాస్త గట్టిగా ఉంటుంది. ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా పారితే జాగ్రత్త పడాలి. మేత తినని కోడికి కూడా రెట్ట పచ్చగా రావచ్చు. కాబట్టి రెట్ట ఒక్కటే చూసి తేల్చకూడదు. ఎర్ర పెట్ట రెట్ట బాగానే ఉంది.

ఊపిరి విన్నది. నోరు తెరిచి రొప్పుతోందా? గురక వస్తోందా? మెడ మెలి తిరుగుతోందా? కాళ్లు, రెక్కలు పడిపోతున్నాయా? పచ్చటి పారుడుతో పాటు ఇవి కనబడితే కొక్కెర తెగులని అనుమానించాలి. ఎర్ర పెట్టకు ఇవేవీ లేవు. కళ్ల వెంట కొంచెం నీరు మాత్రం కారుతోంది.

ఇక చేత్తో తడిమింది. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగిలితే కోడి చిక్కిపోయినట్టు. కడుపులో పురుగులున్నా అట్లా చిక్కుతుంది. ఎర్ర పెట్ట కొంచెం చిక్కింది. రెక్కల కింద, రెట్ట వేసే చోట ఈకలు విడదీసి చూసింది. పసుపు పచ్చటి పేలు పరుగెత్తాయి! ఈకల మొదళ్లలో ఈపి గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉంది.

"అత్తా, ఇటు చూడు!"

అత్త కళ్లు చిట్లించి చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇదా దీని బాధ!" అంది.

ఆఖరున గూడు చూసింది. చలి తగలకూడదని అత్త గూటి చుట్టూ గోనెపట్టాలు బిగించి కట్టింది. మంచి మనసుతోనే కట్టింది. కానీ తలుపు తియ్యగానే లోపలి నుంచి ఘాటు వాసన కొట్టింది. కోడలి కళ్లు మండాయి. తడిసిన రెట్టలోంచి లేచే ఆవిరి అది. రాత్రంతా ఆ ఆవిరి పీలిస్తే కోడికి కళ్లు మండవా? చలి కంటే తేమ, ఉక్క ఎక్కువ చెరుపు.

మరి గుడ్లు ఎందుకు ఆగాయి? పేల బాధ ఒకటి. పొద్దు తగ్గడం ఇంకొకటి. పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు సుమారు 14 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో మన దగ్గర పగలు దాదాపు 11 గంటలే. ఈకలు రాల్చి కొత్త ఈకలు వేసుకునే పెట్ట కూడా గుడ్లు ఆపుతుంది. అది జబ్బు కాదు.

కోడలు తను చూసినవన్నీ ఒక కాగితం మీద రాసింది: "మేత తింటోంది. రెట్ట బాగుంది. గురక లేదు. కళ్లు కారుతున్నాయి. పేలు ఉన్నాయి. గుడ్లు ఆగి పది రోజులు." ఆ కాగితం, గంప పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు కాగితం చదివాడు, పెట్టను చూశాడు. పేలకు పొడి ఇచ్చాడు. ఈపి పగిలి కొత్త పేలు వస్తాయి కాబట్టి పది రోజులకు మళ్లీ చల్లమన్నాడు.

"పత్తికి కొట్టే మందు పూస్తే పోవా?" అని కోడలు అడిగింది.

"పేలతో పాటు కోడీ పోతుందమ్మా" అన్నాడు డాక్టరు.

అత్తాకోడళ్లు గూడు ఊడ్చారు. పాత గడ్డి తగలబెట్టారు. గోడలకు సున్నం కొట్టారు. పొడి ఊక పరిచారు. గాలి వీచే వైపు గోనెపట్టా ఉంచి, పైన జానెడు సందు వదిలారు. కోళ్లు పొర్లాడడానికి ఒక మూల పొడి బూడిద పోశారు.

కొక్కెర తెగులు సంగతి కూడా డాక్టరు చెప్పాడు. అది తగిలాక నయం చేసే మందు లేదు. ముందే టీకా వేయించాలి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లాసోటా చుక్క వెయ్యాలి. రెండు నెలల వయసులో రెక్క కింద ఆర్.టు.బి. సూది వేయించాలి. టీకా ఆరోగ్యంగా ఉన్న కోడికే వెయ్యాలి. ఒక్క సీసా వంద కోళ్లకు పైగా వస్తుంది. కలిపిన మందు గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఒక్క ఇంటి కోసం సీసా విప్పితే మిగతాది వృథా. అందుకని కోడలు వాడకట్టంతా తిరిగింది. తొమ్మిది ఇళ్లవాళ్లు ఒకే రోజుకు ఒప్పుకున్నారు. వాళ్లను ఒప్పించింది ఎవరనుకున్నారు? పదకొండు కోళ్లు పోగొట్టుకున్న అత్త!

మాఘమాసంలో పొద్దు పెరిగింది. ఒకనాడు గూట్లో గుడ్డు కనబడింది. అత్త దాన్ని అమ్మలేదు. కోడలికి అట్టు వేసి పెట్టింది.

అక్కలారా! ఇవి గుర్తు పెట్టుకోండి:

నలతగా ఉన్న కోడిని వెంటనే విడిగా ఉంచండి.

రెట్ట, ఊపిరి, రొమ్ము ఎముక, ఈకల మొదళ్లు, గూడు, అన్నీ చూడండి.

జబ్బు కోడిని సంతకు తీసుకుపోకండి. కొత్తగా కొన్న కోడిని మూడు వారాలు విడిగా ఉంచండి.

కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చస్తే ముట్టుకోవద్దు, కొయ్యవద్దు, కాలవలో పడెయ్యవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరవకండి.

చూసింది కాగితం మీద రాయండి. కోడి నోరు తెరిచి చెప్పలేదు. దాని బదులు మీ కాగితం చెబుతుంది.