బ్యాంకునుండి నేరుగా చెల్లింపు: యాత్రావ్యాపారమునకు మేలు

(మన సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



మన పూర్వులు నాయకరాజుల కాలమున ఈ సీమకు వచ్చి నల్లరేగడి భూములను సాగుచేసిరి. పిమ్మట మనలో పలువురు వర్తకమున ప్రవేశించిరి. నేడు కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరములలో మన బిడ్డలు కొందరు వ్యానులు, బస్సులు పెట్టి తిరుపతి, రామేశ్వరము, తిరుచ్చెందూరు, కుర్తాళము మొదలగు స్థలములకు యాత్రికులను తీసికొనిపోవుచున్నారు. ఆన్‌లైనులో సీట్లు అమ్ముటయు మొదలుపెట్టినారు. అందు వారికి కలుగు ఒక చిక్కును గూర్చియు, దానికి గల ఉపాయమును గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు విన్నవింతును.

యాత్రికుడు ఫోనులో దినమును, బండిని ఎంచుకొని, ఇంటిల్లిపాది పేర్లు నింపి, తుదకు సొమ్ము చెల్లించు పుటకు వచ్చును. పెక్కుసారులు బేరము అచటనే తప్పిపోవును. కార్డు మీది అంకెలు, గడువు తేదీ, వెనుకనుండు మూడంకెలు, ఆపై ఫోనునకు వచ్చు రహస్యసంఖ్య, వీనిలో ఏ ఒక్కటి తప్పినను మరల మొదటికి రావలయును. 2022 అక్టోబరు 1 నుండి కార్డు సంఖ్యను వర్తకుడు తనయొద్ద దాచుకొనరాదని రిజర్వు బ్యాంకు నియమము. అది క్షేమమునకే, కాదనను. అయినను విసిగి విడిచినవాడు అంగడి గడపదాక వచ్చి మరలిపోయిన బేరగానితో సమానము.

మన పెద్దలెరిగిన హుండీలు రెండు విధములు. దర్శనీ హుండీకి చూపినంతనే రొక్కము. ముద్దతీ హుండీకి గడువు తీరిన పిదప రొక్కము. కార్డు చెల్లింపు ముద్దతీ హుండీ వంటిది. కార్డునిచ్చిన బ్యాంకు, వర్తకుని బ్యాంకు, నడుమ కార్డు సంస్థ, అందరికిని అందులో భాగము కలదు. ఖాతానుండి నేరుగా చేయు చెల్లింపు దర్శనీ హుండీకి దగ్గర. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు 2016లో ఆరంభించిన యు.పి.ఐ. అట్టిదే. ఫోనులో ఒక్కమారు నొక్కినంతనే చెల్లింపు యాప్ తెరుచుకొనును. మొత్తము ముందే నిండియుండును. యాత్రికుడు తన పిన్ నొక్కిన చాలును. కంప్యూటరులో నైనచో తెరపై కనబడు క్యూ.ఆర్. గురుతును ఫోనుతో చూపిన సరిపోవును.

లెక్క చూతము. తిరుపతి యాత్రకు వ్యాను బాడుగ 20,000 రూపాయలనుకొందము. కార్డు రుసుము నూటికి రెండు రూపాయలైనచో 400 రూపాయలు పోవును. ఏటికి నలుబది యాత్రలకు 16,000 రూపాయలు. చిన్న బండివానికి ఇది స్వల్పము కాదు. 2020 జనవరి 1 నుండి, ఖాతానుండి జరుగు యు.పి.ఐ. చెల్లింపుపై బ్యాంకులు వర్తకునినుండి రుసుము తీసికొనరాదని కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. నడుమనుండి పుట నడుపు సంస్థ తన సేవకు వేరుగా అడుగవచ్చును. ఆ సంగతి ముందే వ్రాతమూలముగా తెలిసికొనవలయును.

ఇందుకు పెద్ద ఉదాహరణము మన రైల్వే టిక్కెట్లు. ఐ.ఆర్.సి.టి.సి. వారు 2019 సెప్టెంబరు 1 నుండి సౌకర్య రుసుమును మరల విధించినపుడు, కార్డు మొదలగువానితో చెల్లించువారికి ఏ.సి. కాని తరగతికి 15, ఏ.సి.కి 30 రూపాయలనియు, యు.పి.ఐ.తో చెల్లించువారికి 10, 20 రూపాయలనియు నిర్ణయించిరి. పన్ను వేరు. తమకు మిగులు ఖర్చులో కొంత యాత్రికునికే విడిచినారన్నమాట. వారి ఐపే ద్వారమున మరియొక ఏర్పాటు కలదు. సొమ్ము ఖాతాలోనే నిలిపియుంచబడి, టిక్కెట్టు దొరికిన పిమ్మటనే కదలును. పెద్ద బృందయాత్రలకును అడ్డు తగ్గినది. 2025 సెప్టెంబరు 15 నుండి అర్హత పొందిన యాత్రాసంస్థలకు ఒక్కసారికి 5 లక్షల రూపాయల వరకు యు.పి.ఐ.తో చెల్లింపవచ్చును.

ఇంత చెప్పి ఒక మాట దాచిన అది వర్తకధర్మము కాదు. కార్డుతో చెల్లించినవాడు వివాదము వచ్చిన తన బ్యాంకునకు ఫిర్యాదు చేసి సొమ్ము వెనుకకు రాబట్టుకొనుటకు దారి కొంత విశాలము. నేరుగా పంపిన సొమ్ము చేయి దాటినట్లే. కావున ఇందు భారమంతయు వర్తకుని మాటపై నిలుచును. దూరనగరముల పెద్ద సంస్థలకు విస్తారమైన ప్రకటనలు కలవు. మన బిడ్డలకున్న మూలధనము ఊరివారి నమ్మకమొక్కటే. అది పోయిన ఏ యంత్రమును దానిని తిరిగి తేలేదు. అందుచేత నాలుగు నియమములు మనవి చేయుచున్నాను.

ఒకటి: సొమ్ము వ్యాపారము పేరనున్న ఖాతాకే రావలయును. యాత్రికునికి కనబడు పేరు, బండిమీది పేరు ఒకటైన సందేహముండదు.

రెండు: గోడకంటించిన ఒకే గురుతుతో సరిపెట్టక, ప్రతి బుకింగునకు వేరు సంఖ్యతో చెల్లింపు పుట్టవలయును. ఫోను తెరబొమ్మ చూపినంత మాత్రమున రశీదీయరాదు. బ్యాంకులో జమ చూచుకొనవలయును.

మూడు: యాత్ర నిలిచిన సొమ్ము ఏ దారిన వచ్చెనో ఆ దారినే, చెప్పిన గడువులో తిరిగి పంపవలయును. ఖాతాలో కోతపడి వర్తకునికి ధ్రువీకరణ చేరనిచో, అయిదు దినములలోపల సొమ్ము తిరిగి జమ కావలయుననియు, ఆలస్యమైన దినమునకు 100 రూపాయల వంతున పరిహారమీయవలయుననియు రిజర్వు బ్యాంకు 2019లోనే ఆదేశించినది. ఇది యాత్రికునికి తెలుపుట మన విధి.

నాలుగు: చెల్లింపు పుట తమిళమునను తెలుగునను ఉండవలయును. మనలో ఇంట తెలుగు మాటాడి బడిలో తమిళము చదివినవారే ఎక్కువ. అర్థముకాని పుటపై ముసలివారు సొమ్ము పెట్టరు.

తల్లులకు, పెద్దలకు ఒక హెచ్చరిక. పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. సొమ్ము తిరిగి పంపెదము, పిన్ నొక్కుడని ఫోనులో ఎవరు చెప్పినను అది మోసమే.

మన సంఘమందిరమున ఆదివారములందు చదువుకొన్న యువకులిద్దరు కూర్చుండి, బండ్లవారికి ఖాతా తెరచు విధమును, పెద్దలకు చెల్లించు విధమును నేర్పవలెనని ప్రతిపాదించుచున్నాను. ఖర్చు లేని పని ఇది. సభవారు ఆమోదింపగోరుచున్నాను.